పదిహేనేళ్లకు తుక్కు, యాభయ్యేళ్లకు వారసత్వం

ఢిల్లీలో మోతీలాల్ నెహ్రూ ప్లేస్ ఒకటో నంబరు బంగళా లాల్ బహదూర్ శాస్త్రి స్మారక మందిరం. అక్కడి ప్రదర్శనలో ఒక ఫియట్ కారు ఉంది. నంబరు డీఎల్ఈ 6, మోడల్ 1964. ప్రధానమంత్రిగా ఉంటూ శాస్త్రి దాన్ని 12,000 రూపాయలకు కొన్నారు. చేతిలో ఉన్నది చాలక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు చేశారు. 1966 జనవరిలో ఆయన తాష్కెంట్‌లో కన్నుమూశాక ఆ బాకీని లలితాశాస్త్రి తన పింఛనులోంచి తీర్చారు. నాయకుల నిరాడంబరత గురించి ప్రసంగించవలసి వచ్చినప్పుడల్లా అన్ని పార్టీలవారూ ఈ కథను వాడుకుంటారు. వారెవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. ఆ కారుకు 1979లో పదిహేనేళ్లు నిండాయి. ఈనాటి ఢిల్లీ నిబంధన ఆనాడే ఉండివుంటే అది ఏ మాయాపురి తుక్కు బజారులోనో ముక్కలై కొలిమికి చేరేది. స్మారక మందిరంలో చూపించడానికి ఒక ఫోటో మాత్రం మిగిలేది.

ఆ నిబంధన ఎలా వచ్చిందో ఒకసారి చూద్దాం. 2014 నవంబరు 26న జాతీయ హరిత ట్రిబ్యునల్ పదిహేనేళ్లు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదన్నది. 2015 ఏప్రిల్ 7న డీజిలు వాహనాలకు ఆ గడువును పదేళ్లకు కుదించింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసింది. దేశంలో మిగిలిన చోట్ల పదిహేనేళ్లు నిండిన సొంత కారును పరీక్ష చేయించి, రుసుము కట్టి, మరో అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. రాజధాని ప్రాంతంలో మాత్రం కారు ఎంత బాగున్నా ఆ గడప దాటడానికి లేదు. ఇది నాణేనికి ఒక వైపు. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ మరొక నోటిఫికేషన్ ఇచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభయ్యేళ్లు దాటి, మౌలిక స్వరూపం చెడని కారును వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. 20,000 రూపాయలు కడితే ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ దాన్ని బయటికి తీయవచ్చు.

పదిహేనుకూ యాభైకీ నడుమ ముప్ఫయ్ అయిదేళ్లు. యాభయ్యో ఏట శాలువా కప్పదలచిన వస్తువును పదహారో ఏటనే నరికేస్తే ఇక శాలువా ఎవరికి కప్పుతారు? ఢిల్లీలో ఇంటి ముందు వీధిలో నిలిపి ఉంచిన పాత కార్లను సైతం ఎత్తుకెళ్లిన రోజులున్నాయి. యజమానులు హైకోర్టుకు వెళ్లి, ఇక నడపం, వీధిలో నిలపం అని హామీ పత్రాలు రాసిచ్చి విడిపించుకున్నారు. రెండు నిబంధనలూ ఒకే దేశంలో, ఒకే కాలంలో అమలులో ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన అధికారి ఒక్కరైనా ఉన్నారా అన్నది నా అనుమానం.

2025 జూలై ఒకటిన ఈ వ్యవహారం పెట్రోలు బంకుల దాకా వచ్చింది. వాయు నాణ్యత కమిషన్ ఆదేశం మేరకు బంకుల్లో నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు బిగించారు. గడువు దాటిన బండికి పెట్రోలు పోయకూడదు. ఢిల్లీలో అలాంటి వాహనాలు దాదాపు 62 లక్షలని అప్పటి లెక్క. అందులో సింహభాగం స్కూటర్లూ మోటారు సైకిళ్లూ. వారం తిరగకుండానే ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. కెమెరాలు సరిగా పనిచేయడం లేదనీ, పొరుగు జిల్లాల డేటా అనుసంధానం కాలేదనీ పర్యావరణ మంత్రే కమిషన్‌కు లేఖ రాశారు. లెఫ్టినెంట్ గవర్నర్ మరో లేఖ రాశారు. అమలు వాయిదా పడింది. వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరగా ఆగస్టు 12న బలవంతపు చర్యలు వద్దని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. డిసెంబరు 17న ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే రక్షణ మిగిలింది. బీఎస్-3, అంతకు ముందరి వాటిపై చర్యలకు దారి తెరుచుకున్నది.

ఆ సవరణలో ఒక మేలు లేకపోలేదు. చర్చ వయసు నుంచి ఉద్గార ప్రమాణం వైపు అడుగు వేసింది. అయితే నేను ఇక్కడ మాట్లాడదలచిన మనుషులు సరిగ్గా ఆ గీతకు అవతలి పక్కన మిగిలిపోయారు. పద్మినీ, కాంటెస్సా, కార్బురేటర్ కాలపు మారుతి 800 లాంటి కార్లను సొంత చేతులతో బాగుచేసుకుంటూ బతికిస్తున్నవారు వీరు.

వీరిని డబ్బున్నవారి వేడుకగా కొట్టిపారేయడం రాజధాని విలేకరులకు అలవాటు. వింటేజ్ ర్యాలీలలో మెరిసే రోల్స్ రాయిస్‌ల విషయంలో ఆ మాట కొంత చెల్లుతుంది. నేను చెబుతున్నవారు వేరు. తండ్రి భవిష్యనిధి సొమ్ముతో కొన్న కారును వదులుకోలేని కొడుకు, ఉద్యోగ విరమణ చేసి ఆదివారాలు బానెట్ ఎత్తుకొని కూర్చునే రైల్వే ఇంజనీరు, లక్షలోపు పెట్టి పాత జిప్సీ కొని రెండేళ్లుగా విడిభాగాలు వెదుకుతున్న కుర్రవాడు. కష్మీరీ గేటు, మాయాపురి, చెన్నైలో పుదుపేట, విజయవాడ ఆటోనగర్ వీరి పుణ్యక్షేత్రాలు. అపార్ట్‌మెంటు సంఘమేమో సెల్లారులో చుక్క ఆయిలు పడినా నోటీసు ఇస్తుంది.

ఈ పనిలో ఉన్న విద్య ఏమిటో తెలియనివారికి కొంచెం చెప్పాలి. పాత అంబాసిడర్ డిస్ట్రిబ్యూటరులో ప్లాటినం పాయింట్ల నడుమ ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. దాన్ని ఫీలర్ గేజ్ రేకుతో కొలిచి బిగించాలి. పాయింట్లు మాడిపోయినా, ఎడం తప్పినా నిప్పురవ్వ బలహీనపడి సిలిండరులో పెట్రోలు పూర్తిగా కాలదు. కాలని పెట్రోలు హైడ్రోకార్బన్లుగా పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. కార్బురేటరులో మిశ్రమం చిక్కనైతే కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. కనుక వారానికోసారి బానెట్ ఎత్తి చెవి ఒగ్గి ఇంజను శబ్దం వినే మనిషి, తన సరదా కోసమే అయినా, ఆ కారు వెదజల్లే విషాన్ని తగ్గిస్తున్నాడు. 2015లో కొన్న కారులో ఆక్సిజన్ సెన్సరు పాడై, డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఏడాదిగా వెలుగుతూ ఉన్నా పట్టించుకోని యజమానిని ఊహించుకోండి. ఆ కారులో ఇంజనుకు పెట్రోలు ఎక్కువై, పొగను శుద్ధి చేయవలసిన కెటలిటిక్ కన్వర్టరు కూడా చెడుతుంది. మన నిబంధన అతడిని ఏమీ అడగదు. బండి వయసు తక్కువ కదా. శ్రద్ధ చూపినవాడికీ చూపనివాడికీ తేడా తెలియని నియమాన్ని పర్యావరణ విధానమని ఎలా పిలవాలో నాకు తెలియడం లేదు.

ఇక ఎదుటి వాదన. దాన్ని తేలికగా తీసుకొనే హక్కు ఢిల్లీలో ఊపిరి పీల్చేవారెవరికీ లేదు. ఎంత ముద్దుగా చూసుకున్నా 1990 నాటి కారు 2020 నాటి కారుతో సమానం కాదు. 2000కు ముందరి పెట్రోలు కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కార్బన్ మోనాక్సైడు పరిమితి 3 శాతం. బీఎస్-4 కారుకు 0.3 శాతం. పదింతల తేడా. పైగా ఆ సర్టిఫికెట్ పరీక్ష సూక్ష్మధూళి బరువును కొలవదు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది కనుక నా కారు స్వచ్ఛమైనది అని పాత కార్ల అభిమానులు చేసే వాదన నిలవదు. పాత కార్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. బ్రేకులు నేటి వేగాలకు తగినవి కావు. కొత్త కారు తయారీకి ఎంత ఉక్కు, ఎంత విద్యుత్తు ఖర్చవుతుందో చెప్పి పాతదే పచ్చదనమని వాదించేవారూ ఉన్నారు. వాతావరణ మార్పు సందర్భంలో ఆ వాదనకు విలువ ఉంది గానీ, జనవరి రాత్రి ఢిల్లీ పిల్లవాడి ఊపిరితిత్తులకు అది ఓదార్పు కాదు.

అయితే ప్రశ్న వేరే చోట ఉంది. కారు ఎంత విషం వదులుతుందన్నది ఒకటి, ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందన్నది మరొకటి. రెండింటినీ గుణిస్తేనే నగరం మీద పడే భారం తెలుస్తుంది. ఆదివారం పొద్దున ఇండియా గేటు దాకా వెళ్లివచ్చే పద్మినీకీ, రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే డీజిలు ట్యాక్సీకీ పోలిక లేదు. శీతకాలంలో ఢిల్లీ గాలిలోని సూక్ష్మధూళిలో వాహనాల వాటా 20 నుంచి 25 శాతమని ఐఐటీ కాన్పూర్ అధ్యయనం చెప్పింది. అందులోనూ పెద్ద వాటాలు ట్రక్కులవి, ద్విచక్ర వాహనాలవి. రోడ్డు దుమ్ము, కట్టడాలు, కొలుములు, పొలాల మంటలు మిగతావి. వాటిలో దేనిని ముట్టుకున్నా ఏదో ఒక రాష్ట్ర ప్రభుత్వానికో, ఏదో ఒక వర్గానికో కోపం వస్తుంది. పాత కారు యజమానికి సంఘం లేదు, ఓటుబ్యాంకు లేదు. అతడి బండి నంబరు మాత్రం ప్రభుత్వ కంప్యూటరులో సిద్ధంగా ఉంది. వయసును కొలమానంగా ఎంచుకోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం. పరీక్షా కేంద్రం కట్టనక్కర లేదు, యంత్రం కొననక్కర లేదు, పుట్టిన తేదీ చూస్తే చాలు.

దీని వెనుక వ్యాపారం లేదనలేం. 2021 ఆగస్టులో ప్రధాని ప్రారంభించిన తుక్కు విధానం ప్రకారం పాత బండి అప్పగిస్తే కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం చేతికొస్తుంది. కొత్తది కొంటే రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఉంటుంది. పొడిగింపు రుసుములు మాత్రం ఏటేటా కొండెక్కుతున్నాయి. పదిహేనేళ్లు దాటిన కారుకు 600 ఉన్నది 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు నడిచే బండికీ ముప్ఫై వేలు నడిచే బండికీ ఒకే మొత్తం. ఢిల్లీలో గడువు దాటిన కార్లు అన్నీ తుక్కు కావడమూ లేదు. నిరభ్యంతర పత్రం పుచ్చుకొని మరో రాష్ట్రానికి తరలిపోతాయి. హైదరాబాదులో ‘ఢిల్లీ బండి’ అన్న మాటకు సెకండ్ హ్యాండ్ బజారులో ఒక ప్రత్యేకమైన అర్థమే ఉంది. ఢిల్లీ గాలికి పనికిరాని పొగ మెహిదీపట్నం గాలికి పనికొస్తుందన్నమాట!

ఈ మొత్తం చర్చలో మరుగున పడుతున్నది మరమ్మతు అనే విద్య. లైసెన్సు రాజ్యం రోజుల్లో కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన జాతి మనది. దొరికిన బండిని కలకాలం నిలుపుకోవడం అవసరం నేర్పిన విద్య. షెడ్డులో పానాలు అందిస్తూ ఎదిగిన కుర్రాడే తర్వాత మెకానిక్ అయ్యాడు. కొత్త కార్లు ఆ విద్యకు తలుపులు మూశాయి. తప్పు ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేరు కంపెనీ గుప్పిట్లో ఉంటుంది. ఆ గుప్పిటను విప్పమని చెప్పిన సంస్థ మన దేశంలో ఒకటుంది. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల జరిమానా విధించింది. విడిభాగాలను బయటి బజారులో అమ్మకపోవడం, దోషం కనిపెట్టే పరికరాలనూ సమాచారాన్నీ స్వతంత్ర మెకానిక్‌లకు ఇవ్వకపోవడం, బయట బాగుచేయిస్తే వారంటీ పోతుందని బెదిరించడం అందులో తేల్చిన తప్పులు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, కేసులు ఏళ్లకేళ్లు సాగాయి. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది చివర ఒక పోర్టల్ ప్రారంభించింది. చట్టం మాత్రం రాలేదు. పాత కారును విప్పి బిగించగలవాడిని రోడ్డు మీద నుంచి తరిమేయడం, కొత్త కారును విప్పే అవకాశం ఎవరికీ ఇవ్వకపోవడం ఒకే కాలంలో జరుగుతున్నాయి. వీటి మధ్య కుట్ర ఉందని నేననను. ఫలితం మాత్రం ఒకటే. కొన్న వస్తువు మీద కొనుగోలుదారు అధికారం ఏటికేడాది కరిగిపోతున్నది. ఆస్తిని చట్టం అనుమతిస్తే తప్ప హరించరాదని రాజ్యాంగంలోని 300ఏ అధికరణం అంటుంది. ఆ ఆస్తి జాబితాలో పదహారేళ్ల కారు ఉండదని ఎక్కడా రాసిలేదు.

ఇంధనం సంగతీ ఇలాగే ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి 2025లోనే అందుకున్నామని ప్రభుత్వం గర్వంగా ప్రకటించింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలనూ గ్యాస్కెట్లనూ ఉబ్బించి మెత్తబరుస్తుంది, కార్బురేటరు లోపలి లోహాన్ని తినేస్తుంది. పది శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వాడితే మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ పత్రమే అంచనా వేసింది. అయినా బంకులో వినియోగదారుకు ఎంపిక లేదు. ఆ ఎంపిక కోరుతూ వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పాత కార్ల అభిమానులు ఏం చేశారు? ఆందోళనకు దిగలేదు. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు తెప్పించుకొని, జెట్లు మార్చుకొని, వారాల తరబడి బండి కదలకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టుకుంటున్నారు.

పొరుగున శ్రీలంక అనుభవం చూడదగ్గది. 2020 మార్చిలో విదేశీ మారకం కరువై ఆ దేశం వాహనాల దిగుమతి నిలిపేసింది. సొంత కార్ల విషయంలో ఆ నిషేధం 2025 దాకా సాగింది. ఆ అయిదేళ్లూ అక్కడి రోడ్లను నడిపించింది మరమ్మతు షెడ్లే. బ్రిటన్‌లో ఎప్పుడో తయారీ ఆగిపోయిన మోరిస్ మైనర్‌కు రేకు భాగాలు తయారుచేసి ఆ బ్రిటన్‌కే పంపిన చరిత్ర లంక పనివారిది. ఇంత జనాభా, ఇన్ని ఆటోనగర్లు ఉన్న మనం ఆ పని చేయలేకపోవడానికి నైపుణ్య లోపం కారణమంటే నేను నమ్మను.

జర్మనీలో ముప్ఫయ్యేళ్లు దాటిన కారుకు 1997 నుంచి ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఇస్తున్నారు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో, మంచి స్థితిలో ఉండాలి. ఆ సంగతిని నిపుణుడు పరీక్షించి ధ్రువీకరించాలి. ఆ ప్లేటు ఉంటే కాలుష్య నియంత్రణ మండలాల్లోకి ప్రవేశం ఉంటుంది. లండన్ వయసును కాక ప్రమాణాన్ని చూస్తుంది. యూరో-4 అందుకోని పెట్రోలు కారు నగరంలోకి వస్తే రోజుకు పన్నెండున్నర పౌండ్లు కట్టాలి. నలభై ఏళ్లు దాటిన చారిత్రక వాహనాలకు ఆ రుసుము మినహాయింపు. రెండు చోట్లా కఠినత్వం ఉంది, దానితో పాటు విచక్షణా ఉంది.

మనకు కావలసిన ఏర్పాటు కష్టమైనదేమీ కాదు. పదిహేనేళ్లు దాటిన కారును పరిమిత వినియోగం కింద నమోదు చేసుకొనే వీలు కల్పించాలి. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లో మూడు వేలో పరిమితి పెట్టి, బీమా పొడిగించేటప్పుడల్లా మీటరు రీడింగు నమోదు చేయవచ్చు. ఏటా ఆటోమేటెడ్ కేంద్రంలో బ్రేకులు, ఛాసిస్, పొగ పరీక్షించాలి. తప్పిన బండిని నిర్దాక్షిణ్యంగా ఆపాలి. గాలి విషమించిన రోజుల్లో బీఎస్-3 పెట్రోలు కార్లను తీయరాదన్న నిబంధన దశలవారీ కార్యాచరణ ప్రణాళికలో ఇప్పటికే ఉంది. అదే వీటికీ వర్తిస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా బయటికి తీయబోమని రాసివ్వమన్నా నాకు తెలిసిన అభిమానుల్లో కాదనేవారు తక్కువ. చలికాలమంతా గ్యారేజీలో పెట్టుకొని బాగుచేసుకోవడమే వారికి పండగ.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తాళాలు అందించిన తొలి మారుతి 800ను కంపెనీ పునరుద్ధరించి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. మన్మోహన్ సింగ్ ఎన్నికల అఫిడవిట్‌లో చూపిన కారు 1996 నాటి మారుతి 800. మధ్యతరగతి భారతం రోడ్డెక్కిన చరిత్ర అంతా ఆ చిన్న కారులో ఉంది. నిబంధన ప్రకారం తొలి మారుతి వింటేజ్ హోదాకు అర్హత పొందేది 2033లో. అప్పటికి ఢిల్లీలో నడిచే స్థితిలో ఎన్ని మిగులుతాయన్నది ఇప్పుడు తీసుకొనే నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. దీనికి పార్లమెంటులో బిల్లు అక్కరలేదు. 2021లో వింటేజ్ నిబంధనలు ఎలా వచ్చాయో అలాగే రవాణా శాఖ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ఆ సవరణను రాజధాని ప్రాంతానికి కూడా వర్తింపజేయమని సుప్రీంకోర్టును కోరవచ్చు.